విమానాశ్రయంలో మూడు వరుసలు

విమానాశ్రయంలో ప్రయాణికుడు నిలబడే వరుస ఒకటి కాదు, మూడు. మొదటిది కాగితాల వరుస. టికెట్టు, గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపే చోటు. రెండోది తనిఖీ వరుస. సంచి ఎక్స్‌రే యంత్రంలోకి, మనిషి మెటల్ డిటెక్టర్ గుమ్మంలోకి వెళ్ళే చోటు. సెక్యూరిటీ చెక్ అని అందరూ అనేది దీన్నే. మూడోది దేశం దాటేవారికి మాత్రమే ఉంటుంది. అది ఇమిగ్రేషన్ వరుస, పాస్‌పోర్టు చూసే చోటు.

కాగితాల వరుస, తనిఖీ వరుస, ఇమిగ్రేషన్ వరుస. ఈ మూడింటినీ విడివిడిగా మనసులో పెట్టుకుంటే తక్కిన విషయం తేలికవుతుంది. త్వరగా పంపిస్తామని చెప్పే పథకాలు ఇప్పుడు చాలా వచ్చాయి. మన దేశంలో డిజియాత్ర ఉంది. అమెరికాలో ప్రీచెక్ ఉంది, గ్లోబల్ ఎంట్రీ ఉంది. వీటిలో ఏ ఒక్కటీ మూడు వరుసలనూ తగ్గించదు. ఏది ఏ వరుసను తగ్గిస్తుందో తెలియకుండా చేరి, ఆనక నిరాశపడేవాళ్ళు ఎందరో.

మూడింటిలో ముందుగా అంచనా వేయడం కష్టమైనది తనిఖీ వరుస. ఒక రోజు ఐదు నిమిషాల్లో తెమిలిపోతుంది. మర్నాడు అదే చోట, అదే వేళకు, నలభై నిమిషాలు పడుతుంది. తప్పు సిబ్బందిదే అనిపిస్తుంది. చాలాసార్లు కాదు.

ట్రేలు పెట్టిన బల్ల పక్కన కాసేపు నిలబడి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒక పెద్దాయన వంతు వస్తుంది. ట్రే తీసుకుంటారు. సంచి పెడతారు. ల్యాప్‌టాప్ బయటికి తీయమంటారు. అది అడుగున ఉంటుంది, పైనున్న దుప్పటి తీస్తే గానీ రాదు. తీస్తారు. ఛార్జర్ కూడా అంటారు. అది పక్క జేబులో ఉంటుంది. సెల్‌ఫోన్ చొక్కా జేబులోనే ఉండిపోతుంది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే కూత వస్తుంది. వెనక్కి వచ్చి ఫోను పెట్టి మళ్ళీ వెళతారు. ఈసారి బెల్టు. ఇంతా చేస్తే, యంత్రం ఆ సంచిని చూడటానికి పట్టింది కొద్ది సెకన్లే. గుమ్మం దాటడానికి పట్టింది రెండడుగులే. పోయిన సమయమంతా బల్ల దగ్గరే పోయింది. ఆయన వెనకున్న వారంతా ఆ సమయాన్ని తలా కాస్త మోశారు.

ఇది గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి. తనిఖీ వరుసను చాలావరకు ఆపేది యంత్రం కాదు. సంచి విప్పడం, సర్దడం.

ఇన్ని విప్పాల్సిన అవసరం ఒక్కసారిగా రాలేదు. ఒక్కో సంఘటన తరువాత ఒక్కో వస్తువు ఆ బల్ల మీదికి చేరింది. అమెరికాలో విమానం ఎక్కే ప్రతి ఒక్కరినీ తనిఖీ చేయడం 1973 జనవరిలో మొదలైంది. అంతకు ముందు కొన్నేళ్ళు అక్కడ వరసబెట్టి హైజాకింగులు జరిగాయి. 2001 సెప్టెంబరు 11 తరువాత ఆ పని ప్రైవేటు సంస్థల చేతుల్లోంచి ప్రభుత్వం చేతికి వచ్చింది. అలా పుట్టిందే టీఎస్ఏ, అంటే అక్కడి రవాణా భద్రతా సంస్థ. అదే ఏడాది డిసెంబరులో పారిస్ నుంచి మయామీ వెళ్ళే విమానంలో ఒకడు బూటులో దాచిన పేలుడు పదార్థాన్ని అంటించబోయి పట్టుబడ్డాడు. 2006 నాటికి అమెరికాలో అందరూ బూట్లు విప్పాల్సి వచ్చింది. అదే 2006 ఆగస్టులో, సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు విమానాల్లోకి తీసుకెళ్ళే కుట్ర ఒకటి లండన్‌లో బయటపడింది. అప్పటి నుంచి నీళ్ళసీసా కూడా అనుమానపు వస్తువైంది. చేతిసంచిలో ద్రవమేదైనా 100 మిల్లీలీటర్లకు మించని సీసాలోనే ఉండాలన్న నిబంధన అలా వచ్చింది.

మన దేశంలోనూ ఇదే వరస. 1976 సెప్టెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ కావడంతో విమానయాన భద్రతకు ప్రత్యేక విభాగం ఉండాలన్న సిఫార్సు వచ్చింది. 1985 జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానం సముద్రం మీద పేలిపోయింది. 329 మంది చనిపోయారు. ఆ ఘోరం తరువాత, 1987లో, పౌర విమానయాన భద్రతా బ్యూరో స్వతంత్ర శాఖ అయింది. 1999 డిసెంబరులో కాఠ్మండు నుంచి ఢిల్లీకి రావాల్సిన విమానాన్ని హైజాక్ చేసి కాందహార్‌కు మళ్ళించారు. ఆ తరువాతే, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి, విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్ జవాన్ల చేతికి వచ్చింది. చిన్న చెక్కమెట్టు మీద నిలబెట్టి, చేతులు చాపమని, చేతి డిటెక్టర్‌తో తడిమి చూసి, బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేసే జవాను వెనక ఇంత చరిత్ర ఉంది. ఆడవాళ్ళకు ఇదే తనిఖీ తెరచాటున మహిళా జవాన్లు చేస్తారు.

ఈ తనిఖీలు అక్కరలేనివని అనడానికి వీల్లేదు. ప్రతి నిబంధన వెనకా ప్రాణాలు పోయిన కథో, త్రుటిలో తప్పిన కథో ఉంది. చిక్కల్లా ఒక్కటే. నిబంధన చేరినంత సులువుగా తొలగదు. బూట్లు విప్పించే పద్ధతిని అమెరికా ఎత్తివేసింది 2025 జూలైలో. దాదాపు 19 ఏళ్ళు పట్టింది.

ఇక వరుస ఎందుకు పెరుగుతుంది? దీని లెక్క వందేళ్ళకు పైబడినది. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి ఫోను దొరుకుతుంది, ఎంతసేపు ఆగాలి అనే ప్రశ్న మీద 1909లో ఒక వ్యాసం రాశాడు. వరుసల శాస్త్రానికి అదే పునాది. అందులోని సారాన్ని ఒక చిన్న ఊహతో చెప్పుకోవచ్చు.

ఒక తనిఖీ లైను నిమిషానికి ముగ్గురిని పంపగలదు అనుకుందాం. నిమిషానికి ఇద్దరే వస్తే వరుస దాదాపు ఉండదు. నలుగురు వస్తే నిమిషానికి ఒకరు మిగిలిపోతారు. ఒక్కరే కదా అనిపిస్తుంది. కానీ గంట గడిచేసరికి అరవై మంది నిలబడి ఉంటారు. అప్పుడు వచ్చినవారు ఇరవై నిమిషాలు ఆగాలి. ఇప్పుడు రద్దీ తగ్గిందనుకుందాం. మళ్ళీ నిమిషానికి ఇద్దరే వస్తున్నారు. అయినా వరుస వెంటనే కరగదు. నిమిషానికి ఒక్కరు చొప్పునే తగ్గుతుంది. గంటలో పేరుకున్న వరుస కరగడానికి మరో గంట పడుతుంది.

అందుకే ఎనిమిది గంటలకు వచ్చినవాడికి జనం ఎందుకున్నారో అర్థం కాదు. ఆ జనం ఏడు గంటల నాటి జనం. ఇక్కడే ఇంకో సంగతి ఉంది. నిమిషానికి సగటున ముగ్గురే వచ్చినా వరుస పెరుగుతుంది. ఎందుకంటే మనుషులు గడియారం చూసి ఒక్కొక్కరుగా రారు. బస్సు దిగితే ఇరవై మంది ఒక్కసారిగా వస్తారు. ఆ తరువాత చాలాసేపు ఎవరూ రారు. ఆ ఇరవై మందినీ పంపాక లైను ఖాళీగా పోయిన నిమిషాలు తిరిగి రావు. కాబట్టి తనిఖీ లైనుకు ఎప్పుడూ కొంత వెసులుబాటు ఉండాలి. ఖాళీగా కనిపించే ఆ కాస్త వెసులుబాటే రద్దీ వేళ ఆదుకుంటుంది. ఖర్చు తగ్గించే పేరుతో దాన్ని కోసేస్తే వరుస రెట్టింపు కాదు, అంతకు మించి పెరుగుతుంది.

2022 డిసెంబరులో ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో జరిగింది ఇదే. కోవిడ్ భయం తగ్గి, సెలవుల ప్రయాణాలు ఒక్కసారిగా పెరిగాయి. తనిఖీ లైన్లు అందుకు సరిపోలేదు. గంటల తరబడి నిలబడి విమానాలు అందుకోలేకపోయినవారు తమ ఫొటోలు బయటపెట్టారు. దేశీయ ప్రయాణానికి కూడా మూడున్నర గంటల ముందే రమ్మని సలహా ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చింది. అప్పటి పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా స్వయంగా టెర్మినల్‌కు వెళ్ళి చూశారు. అదనపు ఎక్స్‌రే యంత్రాలు పెట్టారు, జవాన్లను పెంచారు, రద్దీ వేళల్లో విమానాలు తగ్గించాలని నిర్ణయించారు. ఈ చర్యల్లో రెండు వైపులూ ఉన్నాయి. లైను వేగం పెంచడం ఒకటి, ఒకే వేళకు వచ్చే జనాన్ని తగ్గించడం రెండోది. వరుసను తగ్గించడానికి ప్రధానంగా ఉన్నవి ఈ రెండు మార్గాలే.

అయితే మూడో మార్గం ఒకటుంది. అందరినీ ఒకే తీరున తనిఖీ చేయకపోవడం. త్వరిత తనిఖీ అనే ఆలోచన ఇదే.

ఇంట్లో బియ్యం ఏరే పద్ధతి దీనికి దగ్గరి పోలిక. కొత్తగా తెచ్చిన బియ్యాన్ని చేటలో పోసి గింజ గింజా చూస్తారు. ముందే ఏరి డబ్బాలో పోసుకున్న బియ్యాన్ని ఒకసారి చూసి ఎసట్లో పోస్తారు. రెండో బియ్యాన్ని చూడటం మానలేదు. చూడాల్సిన పని ముందే జరిగింది, అంతే.

అమెరికాలో ప్రీచెక్ అలాంటిదే. 2011 అక్టోబరులో కొన్ని విమానాశ్రయాల్లో ప్రయోగంగా మొదలైంది. 2013 డిసెంబరు నుంచి ఎవరికి వారు దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. దరఖాస్తుదారు వేలిముద్రలు ఇవ్వాలి. నేరచరిత్ర ఏమైనా ఉందేమో చూస్తారు. ఏమీ లేదని తేలితే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరును టికెట్టు కొనేటప్పుడు నమోదు చేయాలి. అప్పుడు బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు వస్తుంది. ఆ గుర్తు ఉన్నవారికి వేరే లైను. అక్కడ ల్యాప్‌టాప్ సంచిలోనే ఉండొచ్చు. బెల్టు నడుముకే ఉండొచ్చు. పల్చటి కోటు ఒంటి మీదే ఉండొచ్చు. అందరికీ బూట్లు విప్పే నిబంధన ఉన్న రోజుల్లోనూ వీరికి అది లేదు.

గమనించాల్సింది ఇది. ప్రీచెక్ లైనులో యంత్రం వేగంగా తిరగదు. ఎక్స్‌రే అక్కడా ఉంది, డిటెక్టర్ గుమ్మం అక్కడా ఉంది. తగ్గింది బల్ల దగ్గరి పని. విప్పడం, సర్దడం తగ్గాయి. అందుకే ఆ లైను నిజంగా వేగంగా కదులుతుంది. ప్రీచెక్ లైనులో 10 నిమిషాల లోపు, మామూలు లైనులో 30 నిమిషాల లోపు పంపాలన్నది టీఎస్ఏ పెట్టుకున్న లక్ష్యం. ఐదేళ్ళకు రుసుము సుమారు 80 డాలర్లు. 2024 నాటికి సభ్యులు 2 కోట్లు దాటారు.

ఇది డబ్బున్నవాళ్ళ దొడ్డిదారి అన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ముందుగా జరిపే విచారణ నిజమైనదే కాబట్టి దొడ్డిదారి అనడం సరికాదు. అయితే ఆ విమర్శలో ఒక పాలు నిజం ఉంది. అది 2016లో బయటపడింది.

అంతకు ముందు ఏడాది, 2015లో, అమెరికా అంతర్గత భద్రతా శాఖకు చెందిన పరిశీలకులు మారువేషాల్లో తనిఖీ కేంద్రాలను పరీక్షించారు. నకిలీ ఆయుధాలు, నకిలీ పేలుడు సామగ్రి దాచుకుని వెళ్ళారు. 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు పట్టుబడకుండా బయటికి వచ్చేశారు. ఆ సంగతి జూన్‌లో పత్రికలకెక్కింది. దేశం ఉలిక్కిపడింది. టీఎస్ఏ అధిపతి స్థానంలో ఉన్న అధికారిని మార్చారు. తనిఖీలు కట్టుదిట్టం చేశారు. అంతవరకు ప్రీచెక్ లైను ఖాళీగా ఉంటే, సభ్యత్వం లేని మామూలు ప్రయాణికుల్ని కొందరిని అందులోకి పంపే అలవాటు ఉండేది. అదీ ఆపేశారు. ఆపడం సబబే, ఏరని బియ్యాన్ని ఏరిన డబ్బాలో పోయకూడదు.

కానీ ఆ జనమంతా మామూలు వరుసలోకి వచ్చి చేరారు. అప్పటికే ఆ వరుస బలహీనపడి ఉంది. ప్రీచెక్‌లో కోట్ల మంది చేరతారన్న ఆశతో, ఇక తనిఖీ సిబ్బంది అంతమంది అక్కర్లేదని, కొన్నేళ్ళుగా సంఖ్య తగ్గిస్తూ వచ్చారు. అనుకున్నంత మంది చేరలేదు. పైగా ఆ ఏడు ప్రయాణికులు పెరిగారు. అంటే వచ్చేవారు ఎక్కువ, పంపేవారు తక్కువ, ఒక్కొక్కరికీ పట్టే సమయం ఎక్కువ. ఎర్లాంగ్ లెక్క ప్రకారం ఏం జరగాలో అదే జరిగింది. 2016 మేలో షికాగోలో వరుసలు టెర్మినల్ దాటి బయటికి పాకాయి. ఒక్క రాత్రిలో వందల మంది విమానాలు అందుకోలేక అక్కడే ఉండిపోయారు. ఆ ఊరి ఓహేర్ విమానాశ్రయంలో మడత మంచాలు వేసి పడుకోబెట్టారు.

అమెరికన్ కాంగ్రెస్ అత్యవసరంగా 3 కోట్ల 40 లక్షల డాలర్లు మళ్ళించడానికి ఒప్పుకుంది. సిబ్బందికి అదనపు గంటల జీతం, కొత్తవారి నియామకం దాంతో జరిగాయి. కొన్ని విమాన సంస్థలు తమ ఉద్యోగుల్ని ట్రేలు అందించే పనికి పంపాయి. అక్కడి వేసవి వచ్చేసరికి వరుసలు తగ్గాయి. ఆ అనుభవం చెప్పింది స్పష్టంగా ఉంది. వేగపు లైను పెట్టడం తప్పు కాదు. దాని మీద ఆశతో మామూలు లైనును ఎండగట్టడం తప్పు.

మన దేశంలో ప్రీచెక్ లాంటిది లేదు. దేశీయ ప్రయాణికుల్లో సామాన్యుడెవరికీ తడిమి చూసే తనిఖీ నుంచి మినహాయింపు లేదు. మరి డిజియాత్ర ఏమిటి? అది కాగితాల వరుసను తగ్గించే పథకం. ఫోనులో యాప్ పెట్టుకుని, ఆధార్‌తో గుర్తింపు ధ్రువపరచుకుని, ముఖం ఫొటో తీసుకుని, బోర్డింగ్ పాస్ జతచేయాలి. విమానాశ్రయం గుమ్మం దగ్గర కెమెరా ముఖాన్ని పోల్చి తలుపు తీస్తుంది. తనిఖీ ప్రాంగణంలోకి వెళ్ళే చోటా అంతే. ఆ తరువాత? అదే బల్ల, అదే ట్రే, అదే చెక్కమెట్టు. ముఖం చూసి తెరుచుకునేది తలుపు మాత్రమే. సంచి తెరవాల్సింది ప్రయాణికుడే.

డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది. 2023లో విజయవాడకు, హైదరాబాద్‌కు వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు విశాఖపట్నంలో ప్రారంభించారు. ఇది పూర్తిగా ఇష్టాన్ని బట్టి చేరేది. ఫోను లేనివారు, ముఖం నమోదు చేయడానికి ఇష్టపడనివారు గుర్తింపు కార్డు చూపి ఎప్పటిలాగే వెళ్ళవచ్చు. గుమ్మం దగ్గర ఎవరైనా తప్పనిసరి అన్నట్టు మాట్లాడితే, కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇమిగ్రేషన్ వరుసకు వేరే ఏర్పాటు ఉంది. 2024 జూన్‌లో ఢిల్లీలో, 2025 జనవరిలో హైదరాబాద్‌తో పాటు మరికొన్ని చోట్ల కేంద్ర హోంశాఖ ఈ-గేట్లు పెట్టింది. భారత పౌరులు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారు ముందే నమోదు చేసుకుంటే, వేలిముద్ర, ముఖం చూసి ఆ గేటు తెరుచుకుంటుంది. అమెరికాలో దిగేటప్పుడు ఇలాంటి పనే చేసేది గ్లోబల్ ఎంట్రీ. 2017 నుంచి భారత పౌరులకూ అందులో చేరే అర్హత ఉంది. ఉద్యోగ వీసా మీద ఉంటున్న తెలుగువారికి ఇది పనికొచ్చే సంగతి. ప్రీచెక్‌కు నేరుగా దరఖాస్తు చేయాలంటే గ్రీన్ కార్డు అయినా ఉండాలి. గ్లోబల్ ఎంట్రీ వస్తే ప్రీచెక్ దానితోపాటే వస్తుంది.

కాబట్టి మరోసారి. డిజియాత్ర కాగితాల వరుసకు. ప్రీచెక్ తనిఖీ వరుసకు. ఈ-గేట్లు, గ్లోబల్ ఎంట్రీ ఇమిగ్రేషన్ వరుసకు.

యంత్రాలు కూడా మారుతున్నాయి. ఆసుపత్రిలో తలకు తీసే సీటీ స్కాన్ లాంటిదే ఇప్పుడు సంచులకు వస్తోంది. సంచిని అన్ని వైపుల నుంచీ చూపిస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ బయటికి తీయనక్కర్లేదు. లండన్ సిటీ విమానాశ్రయం 2023లో ఇలాంటి యంత్రాలు పెట్టి, రెండు లీటర్ల వరకు ద్రవాలను సంచిలోనే ఉంచుకోనిచ్చింది. 2024 జూన్‌లో బ్రిటన్ ప్రభుత్వం 100 మిల్లీలీటర్ల హద్దును అక్కడ తాత్కాలికంగా మళ్ళీ తెచ్చింది. ఊరికో నిబంధన ఉండే ఈ కాలంలో, వెళ్ళే చోట సడలింపు ఉంది కదా అని బయలుదేరే చోట నిర్లక్ష్యం చేయడం మంచిది కాదు.

పిల్లల దగ్గరికి మొదటిసారి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ మొదట దిగిన ఊరిలోనే సాధారణంగా ఇమిగ్రేషన్ అవుతుంది. పెట్టెలు తీసుకుని, మళ్ళీ అప్పగించి, ఇంకో విమానం ఎక్కాలంటే తనిఖీ వరుసలో మరోసారి నిలబడాలి. హైదరాబాద్‌లో ఒకసారి అయిపోయింది కదా అనుకుంటే కుదరదు. రెండు విమానాల మధ్య వ్యవధి చూసుకుని టికెట్టు కొనాలి. అక్కడి లెక్కలో ఒలికేది, పోసేది, పూసేది ఏదైనా ద్రవమే. నూనె తేలే ఆవకాయ, నెయ్యి డబ్బా చేతిసంచిలో ఉంటే ఆ సంచిని పక్కకు తీస్తారు. అమ్మ చేతి ఆవకాయ చెత్తబుట్టలో పడటం చూడలేరు కాబట్టి, దాన్ని పెద్ద పెట్టెలో సర్దాలి. పవర్ బ్యాంకు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. అమెరికా తనిఖీలో 75 ఏళ్ళు దాటినవారికి పల్చటి కోటు విప్పనక్కర్లేని సడలింపు ఉంది. వయసు చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు.

పథకాలేవీ లేని ప్రయాణికుడి చేతిలోనూ ఒకటి ఉంది. వరుసలో నిలబడి ఉన్నప్పుడే జేబులు ఖాళీ చేసి, ఫోను, తాళాలు, చిల్లర సంచిలో వేసుకోవడం. ల్యాప్‌టాప్, ఛార్జర్ పైకి వచ్చేలా ఇంటి దగ్గరే సర్దుకోవడం. దాంతో ఒక్కొక్కరికి పది సెకన్లు తగ్గుతాయనుకుందాం. ఒకే లైను ముందు వంద మంది ఉంటే, వందో మనిషి దాదాపు 17 నిమిషాలు ముందుగా బయటికి వస్తాడు.